పెళ్ళికార్డు అక్షరాలు పెట్టిన రోజు

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజమని ప్రమాణం చేస్తున్నాను. ఎడమచేత్తో కీబోర్డు పట్టుకొని, కుడిచెయ్యి నా నెత్తిన నేనే పెట్టుకొని, మిట్టమధ్యాహ్నం ఎండలో మిద్దె మీద నిలబడి మరీ ప్రమాణం చేశాను. ఒక్క మాట తప్పినా మా బోరులో ఇప్పుడొస్తున్న చిటికెన వేలంత ధార కూడా ఆగిపోవాలన్నాను. పామిడిలో నన్నెరిగినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. టీ అంగట్లో నేను నోరు తెరిస్తే సగం కోసేసి వినడం వాళ్ళకు అలవాటు. నా పెళ్ళినాడు వాన పడిందని చెబితే కూడా సాక్షుల్ని పిలవమన్నారు. ఆ పేరు తెచ్చుకున్నది నేనే కాబట్టి ఎవరినీ ఏమీ అనను.

ఇది ఒక మనిషి గురించి, ఆయన కూర్చునే కుర్చీ గురించి. ఆయన కళ్ళు పోతున్నాయి. కళ్ళు పోతున్న మనిషి కోడ్ రాసే కుర్చీలో ఎన్నాళ్ళు కూర్చోగలడు, పక్కనున్నవాడు తెలిసి కూడా ఆయన్ని కూర్చోనివ్వడం మంచా చెడా అన్నదే ఇందులోని సంగతంతా. నాకు అది ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను.

పామిడిలో ఒక బట్టలంగడి పైన మాకొక గది ఉండేది. కిటికీ తీస్తే పెన్న కనిపిస్తుంది. మా దగ్గర పెన్న కనిపిస్తుందంటే ఇసుక కనిపిస్తుందని అర్థం. ఆ గదిలో ఇద్దరమే పనిచేసేవాళ్ళం. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను కోపమొస్తే ఏమప్పా అని, మనసు బాగుంటే ఒరేయ్ అని పిలిచేవాడు. కింద అంగడి నడిపే శెట్టి మా గది ఓనరు. రోజుకొకసారి మెట్లెక్కి వచ్చి మా తెరల వైపు చూసి, ఏమీ అర్థం కాక, ఫ్యాను గురించి ఏదో ఒక మాట అని దిగిపోయేవాడు.

మా పని ట్యాంకర్ల జాబితా. ఎండలు మొదలైతే చుట్టుపక్కల పల్లెలకు ట్యాంకర్లతో నీళ్ళు తోలతారు. ఏ పల్లెకు ఆ రోజు ఎన్ని ట్రిప్పులు, ఏ ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపుకోవాలి, ఏ దారిన పోవాలి అన్నది లెక్కగట్టే ప్రోగ్రాం మేమిద్దరం రాశాం. పొద్దున్నే ప్రతి పల్లె నుంచీ ఒక కాగితం ఫోటో ఫోనుకు వస్తుంది. చేతిరాత. ఇన్ని ట్రిప్పులు కావాలని ఆ ఊళ్ళో ఎవరో రాసి పంపుతారు. వాటిని కంప్యూటర్లో ఎక్కించి, జాబితా తీసి, డ్రైవర్లకు పంపాలి. పది దాటితే డ్రైవర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. వానలు పడిన నెలల్లో వేరే చిల్లర పనులు చేసేవాళ్ళం. అలాంటి నెలలు ఎన్నో గుర్తు లేదు.

ఆ గదిలో వేడి ఎంతంటే, ఒక ఏప్రిల్లో తెరమీది అక్షరాలు కరిగి కీబోర్డు సందుల్లోకి కారిపోయాయి. చల్లబడ్డాక చీపురుతో ఊడ్చి, జల్లెడ పట్టి, మళ్ళీ ఒక్కొక్కటే ఎక్కించాం. రెండు కామాలు ఇప్పటికీ దొరకలేదు.

అన్న కంప్యూటర్ చదువు చదివి వచ్చినవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు లారీల మీదా అంగళ్ళ మీదా పేర్లు రాసేవాడు. పామిడి నుంచి గుత్తి దాకా ఏ లారీ నంబరు చూసినా ఆయన చెయ్యి కనిపించేది. ప్లాస్టిక్ బోర్డులు వచ్చి ఆ పని పోయాక, ముప్పై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకున్నాడు. లారీ నంబర్లు రాసే రోజుల్లో ఆయన మూడును పైన గుండ్రంగా రాయకుండా బల్లపరుపు గీతతో రాసేవాడట. దుమ్ము పడితే గుండ్రటి మూడు ఎనిమిది లాగా కనిపించి డ్రైవర్లు చెక్‌పోస్టుల దగ్గర తిట్లు తినేవాళ్ళని చెప్పేవాడు. అందుకని కోడ్ రాయడానికి ఫాంటు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మొదట మూడును చూశాడు. తల బల్లపరుపుగా లేని ఫాంటును ఆయన తన మెషీన్‌లో అడుగు పెట్టనివ్వలేదు.

కోడ్ రాసేవాళ్ళ ఫాంటుల్లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉంటుంది. ఎమ్‌కు ఎంత చోటో ఐకీ అంతే చోటు. అప్పుడే వరసలు నిలువునా సమంగా దిగుతాయి, తప్పు ఎక్కడుందో కంటికి తగులుతుంది. ఈ ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ ఏకాభిప్రాయం. మిగతా అన్నింట్లో పోట్లాటే. ఆయన ఫాంటు సన్నగా, పొడుగ్గా, పీకేసి ఎండబెట్టిన శెనక్కాయ కట్టెలా ఉండేది. నాది కాస్త గుండ్రంగా ఉంటుంది. దాన్ని ఆయన, పెళ్ళి భోజనం చేసి గోడకు చేరగిలబడిన మామ అనేవాడు. సున్నాకు అడ్డగీత ఉండాలని ఆయన, లోపల చుక్క చాలని నేను.

"సున్నా కడుపులో సుక్క పెడితే అది సున్నా కాదప్పా, కోడిగుడ్డు" అనేవాడు.

"నీ అడ్డగీత సూస్తే జాబితాలో ఊరి పేరు కొట్టేసినట్టుంటాది అన్నా" అనేవాణ్ణి నేను.

రెండు గుర్తులు పక్కపక్కన వస్తే వాటిని కలిపేసి ఒక్క బాణంగా చూపించే ఫాంటులు కొన్ని ఉన్నాయి. నాకవి ఇష్టం. అన్నకు వాటి పేరెత్తితే ఒంటికి కారం రాసినట్టుండేది. నేను విడివిడిగా కొట్టినవాటిని కలపడానికి వాడెవడని అడిగేవాడు. ఆ వాడెవణ్ణో అన్న ఒక్కరోజూ తిట్టకుండా వదిలిపెట్టలేదు. ఏ దేశంలోనో కూర్చుని ఆ ఫాంటు గీసిన మనిషికి పామిడిలో ఒక శత్రువున్నాడని ఇప్పటికీ తెలియదు.

విండోల సంగతిలోనూ ఇంతే. మామూలు కంప్యూటర్లో విండోలు పెళ్ళింట్లో పరిచిన చాపల్లాగా ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. కిందది కావాలంటే పైది లాగాలి. మేం వాడేది అలాంటిది కాదు. తెర మొత్తాన్ని పొలంలో మళ్ళు కోసినట్టు కోస్తుంది. ఒక మడి తెరిస్తే తెరంతా అదే. రెండోది తెరిస్తే మొదటిది సగానికి జరిగి చోటిస్తుంది. ఏదీ దేనిమీదా ఎక్కదు. టైలింగ్ అంటారు. మౌసు అక్కర్లేదు, కీలు నొక్కితే చాలు. నేను ఎడమ పక్క ఒక పెద్ద మడి, కుడి పక్క చిన్నవి మూడు పెట్టుకునేవాణ్ణి. అన్నవి ఆరు మళ్ళు, అన్నీ సమానం. బోర్డులు రాసే రోజుల్లో సుద్దపొడి పూసిన దారాన్ని రెండు కొసలా పట్టి లాగి కొట్టి గీతలు వేసేవాడు కదా, ఆ దారం ఇంకా ఆయన తలలో ఉందనుకునేవాణ్ణి. జాబితా పైన ఎడమ మడిలో, డ్రైవర్లు కింద కుడి మడిలో. మొదటి నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చోటు మారలేదు.

తన మౌసును తోకతో సహా గోడమేకుకు వేలాడదీశాడు. ఒకరోజు నిజం ఎలుక ఒకటి మెట్లెక్కి వచ్చి, పైకి చూసి, అన్నకు దండం పెట్టి వెనక్కి దిగిపోయింది. శెట్టి బట్టల మీద ఆ తర్వాత ఎలుక పడలేదు. శెట్టిని అడగండి.

మా ఇద్దరి కంప్యూటర్ల సెట్టింగులు ఒకే ఫైలులో ఉండేవి. ఎవరు ఏ మార్పు చేసినా అందులో వరసగా నమోదవుతుంది. అక్షరాల సైజు ఆయనది పదకొండు ఉండేది. ఒక ఎండాకాలం మొదట్లో పద్నాలుగైంది. దసరాకు పద్దెనిమిది. నేను ఎగతాళి చేశాను. బస్సు బోర్డులు రాస్తున్నావా అన్నా, గుత్తి బస్సా అనంతపురం బస్సా అని అడిగాను. వయసొచ్చాక అక్షరానికి కూడా కాళ్ళు చాపుకోవాలనిపిస్తుందని జవాబు చెప్పాడు. సైజు పెరిగేకొద్దీ ఆరు మళ్ళు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. సంక్రాంతి వచ్చేసరికి సైజు ఇరవై ఎనిమిది, తెరంతా ఒకే మడి. మిగతావి దాని వెనక పాత వరసలోనే ఉండేవి, కీ నొక్కి ఒక్కొక్కటే ముందుకు తెచ్చుకునేవాడు. ఫైలులో ఆ అంకెలన్నీ మెట్లలాగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ఫైలును రోజూ తెరిచేవాణ్ణి నేనే. నా కళ్ళకేం జబ్బు లేదు.

ఆ రోజుల్లోనే ఆయనకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. పల్లెల కాగితాలు నన్ను పైకి చదవమనేవాడు. నువ్వు చదువుతుంటే తప్పు నీ గొంతులోనే తెలిసిపోతుందని చెప్పాడు. ఆ మాట నాకు పొగడ్తలాగా వినిపించింది. నేను చదివేవాణ్ణి, ఆయన కొట్టేవాడు. వేళ్ళు తడబడేవి కావు.

ఇక పెళ్ళికార్డు సంగతి.

ఒక సోమవారం ఆయన రాకముందే వచ్చి, ఆయన మెషీన్ తెరిచి ఫాంటు మార్చాను. పెళ్ళి కార్డుల మీద వేస్తారే, ప్రతి అక్షరానికీ తోకలూ చుట్టలూ, సున్నా చూస్తే ముత్యాల ముక్కుపుడక లాగా ఉంటుంది, అలాంటిది పెట్టాను. మూడుకు తల ఎక్కడుందో, మెలిక ఎక్కడుందో తెలియదు. ఎమ్ మూడు బారలు, ఐ వెంట్రుకంత. వరసలన్నీ గాలికి కొట్టుకుపోయిన చీరల్లాగా ఉన్నాయి. పెట్టేసి, నా కుర్చీలో కూర్చుని, నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళ సీసా నోట్లో పెట్టుకున్నాను. ఆయన అరుపుకు శెట్టి కింద కత్తెర జారవిడుస్తాడనుకున్నాను.

అన్న వచ్చాడు. తువ్వాలు కిటికీ ఊచకు వేశాడు. కూర్చున్నాడు. కీలు నొక్కి జాబితా మడి తెరిచాడు. చదవమన్నాడు.

నేను చదివాను. ఆయన కొట్టాడు. ఒక పల్లె, రెండు పల్లెలు, ఐదు పల్లెలు. ఆయన ముఖం తెరకు ఎదురుగా ఉంది. ఆ తెరమీద తోకలున్న అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. నటిస్తున్నాడనుకున్నాను. నన్ను పిచ్చివాణ్ణి చేయడానికి ఓపిక పడుతున్నాడు, ఇంకో పల్లె అయ్యాక సీసా తీసి నా నెత్తిన పోస్తాడు అనుకున్నాను. పది పల్లెలయ్యాయి.

అప్పుడు శెట్టి మెట్లెక్కి వచ్చాడు. ఎప్పటిలాగే అన్న తెర వైపు చూశాడు. ఐదేళ్ళలో మొదటిసారి ఆయనకు మా తెరమీద ఏదో అర్థమైంది.

"ఏమప్పా, శుభలేఖలు గూడా కొడతాండారా ఈడ?"

"యాడిది శుభలేఖ?" అన్నాడు అన్న.

అడగడం చాలా మామూలుగా అడిగాడు. తల కూడా తిప్పలేదు. శెట్టి తెర వైపు వేలు చూపించాడు, చూపించి నా వైపు చూశాడు. నేను లేచి, మా దగ్గరి బంధువుల పెళ్ళి కార్డు నా ఫోనులో చూశాడన్నా, శెట్టి అది అడుగుతున్నాడు అని ఏదో కలిపి, శెట్టి భుజం మీద చెయ్యి వేసి మెట్ల దాకా తీసుకెళ్ళాను. శెట్టి ఇంకేమీ అడగలేదు. అంగట్లో మనుషుల ముఖాలు చూసి బతికేవాడు.

తిరిగొచ్చి నిలబడ్డాను. అన్న వేళ్ళు కీల మీద ఆడుతున్నాయి. కీ నొక్కి డ్రైవర్ల మడి ముందుకు తెచ్చాడు, అది ఎప్పుడూ ఉండే వరసలోనే ఉంది కాబట్టి వచ్చింది. పని పూర్తయింది. ఒక్క తప్పు లేదు. ఆ తెరమీద ఏముందో ఆయనకు తెలియదు. ఆయన ముందు వెలుతురు ఉంది, వెలుతురులో నల్లటి మరకలున్నాయి, అంతే. మౌసుతో పనిచేసేవాడైతే ఎప్పుడో పట్టుబడేవాడు, బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాలి కదా. ఈ మళ్ళు ఆయన్ని కాపాడాయి. సొంత ఇంట్లో కరెంటు పోయినప్పుడు నడిచినట్టు నడుస్తున్నాడు.

మధ్యాహ్నం ఆయన క్యారియర్ తెరిచి సంగటి తింటుండగా, నేను గబగబా ఫాంటు మార్చేశాను. ఆ శెనక్కాయ కట్టెలు మళ్ళీ వచ్చి తెరమీద నిలబడ్డాయి. ఆయన తిని, చెయ్యి కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఏ తేడా లేదు.

ఆ రోజు అడిగి ఉండవలసింది. ఎలా అడగాలి? నీ మీద వేళాకోళం చేశాను, నువ్వు చూడలేకపోయావు అనాలి. ఆ మాట నా నోటికి రాలేదు. లేనివి చెప్పమంటే ఎన్నయినా చెప్పే నోరది. ఉన్న ఒక్కదానికి కదల్లేదు. నేను గమ్మునున్నాను. రోజూ కొంచెం గట్టిగా చదివాను. కుర్చీ ఒక మూలకు జరిగితే సరిగ్గా పెట్టాను. ఆయన నీళ్ళ గ్లాసు ఎప్పుడూ ఒకే చోట ఉండేటట్టు చూశాను. ఆయనకు తెలియకుండా ఆయన చుట్టూ గదిని కూడా మళ్ళుగా కోశాను.

నెల తర్వాత వదిన ఫోన్ చేసింది. అన్న భార్య. పామిడికి నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళ పల్లె. ఆమె నాకెప్పుడూ ఫోన్ చేసింది లేదు. అన్నకు చక్కెర జబ్బు ముదిరి కంటి లోపల రక్తం చిమ్ముతోందని అనంతపురం డాక్టరు చెప్పాడట. కంట్లో సూది మందు వేయించుకోవాలి, నెలనెలా రావాలి అన్నాడట. ఒకసారి వేయించుకొని ఇక రానన్నాడట అన్న. ఎందుకంటే ఆఫీసులో బాగానే కనిపిస్తోంది, ఇంట్లోనే వెలుతురు తక్కువ అన్నాడట.

"మరిదీ, దాపెట్టొద్దు. ఆడ మీ అన్నకు కండ్లు కనపడతాండాయా?"

నా పక్కనే అన్న కూర్చుని ఉన్నాడు. నేను ఫోను పట్టుకొని మెట్ల మీదికి వెళ్ళాను. వెళ్ళాక కూడా నిజం చెప్పవచ్చు. అక్కడ ఎవరూ లేరు.

"ఆయనకేం వదినా. నిన్న కింద శెట్టికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చినాడు. శెట్టికే కనపడల్యా."

వదిన నవ్వింది. ఇంట్లో చెంబు కోసం తడుముకుంటుంటే భయమేసిందని, బల్బు మార్పిస్తానని చెప్పింది. పెద్ద బల్బు పెట్టించమన్నాను. అంతకుముందూ ఆ తర్వాతా నేను చాలా కథలు చెప్పాను, జనం సగం కోసేసి విన్నారు. ఈ ఒక్కదాన్ని ఒకామె పూర్తిగా నమ్మింది. ఆమె అనంతపురం మాట మళ్ళీ ఎత్తలేదని తర్వాత తెలిసింది. అలా రెండు నెలలు గడిచాయి.

వైశాఖంలో మా అత్తగారి వైపు చుట్టాలు వచ్చి లేపాక్షి చూపించమన్నారు. ఒక్కరోజు. పొద్దున్నే బయలుదేరితే గాని ఎండకు తట్టుకోలేం. నేను లేకపోతే కాగితాలు ఎవరు చదువుతారన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అడిగితే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుస్తుంది. సోమందేపల్లె దాటేదాకా ఫోను చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఒకసారి చేశాను. అంతా అయిపోయింది, జాబితా పోయింది, నువ్వు బసవన్నను సూడు అన్నాడు. గొంతు హుషారుగా ఉంది. అంత పెద్ద రాతి నంది పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నాం. అన్నింట్లో నా ముఖం మాత్రం ఎండకు చిట్లించుకున్నట్టుంది.

మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. అన్నే తీసి స్పీకర్ పెట్టాడు. ఒక చిన్న పల్లె నుంచి ఒకామె. ఎవరి మీదా అరవలేదు. అలసిపోయినట్టు మాట్లాడింది.

"సారూ, ఎనిమిది ట్యాంకర్లు కావాలని రాసి పంపితిమి. మూడే వచ్చె. మనుసులకే సాలలేదు, గొడ్లకు యాడ పొయ్యాల? రాత్రంతా అరస్తానే ఉండాయి."

నేను పాత కాగితం ఫోటో తీసి చూశాను. ఎనిమిదే. గుండ్రంగా, స్పష్టంగా రాసిన ఎనిమిది. నేను నోరు తెరిచే లోపల అన్న ఆమెతో, నాదే తప్పమ్మా, ఈ పొద్దు మొదటి ట్యాంకరు మీకే అన్నాడు. ఫోను పెట్టేశాడు. ఆ కాగితాన్ని నా తెరమీద ఆయన ముక్కుకు ఆనేంత దగ్గరగా, ఒక్క అంకె మొత్తం తెర నిండేటట్టు పెట్టమన్నాడు. పెట్టాను. తల కుడికీ ఎడమకూ తిప్పి చూశాడు.

మొన్న కూడా ఫోనులో ఒక్కో అంకెను ఇలాగే పెద్దది చేసుకొని చదివానని, ఎడమ పక్క తనకు చీకటని అప్పుడు చెప్పాడు. ఎనిమిదిలో ఎడమ సగం తీసేస్తే మిగిలేది మూడే. ఆ అంకెకు ఎడమ సగం ఉందన్న సంగతే ఆయన కన్ను ఆయనకు చెప్పలేదు. బల్లపరుపు తల ఉన్న మూడు కాదే, అయినా మూడెట్లా అనుకున్నానో అన్నాడు. పల్లెల్లో ఎవరూ ఆయన ఫాంటులో రాయరు.

ఆయన అడిగాడు:

"నీకెప్పుడు తెలిసె?"

నేను పెళ్ళికార్డు సంగతి చెప్పాను. తల వంచుకొని, ఏ సోమవారమో, ఏ ఫాంటో, శెట్టి ఏమన్నాడో అంతా చెప్పాను. అన్న వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఆ పొద్దు నేను సూసినా. సున్నాకు ముక్కుపుడక పెట్టింటివి. అరిస్తే నీకు పండగ గదా, అందుకే గమ్మునుంటి. ఆ పొద్దు నాకు బాగానే కనపడతాండె. ఈ పదైదు రోజుల్నుంచే ఇట్లుండాది."

అని నా వీపు మీద ఒకటి చరిచాడు. తర్వాత ఆయన తన కీబోర్డు ముందు కూర్చుని, మళ్ళు ఒక్కొక్కటే మూసేశాడు. జాబితా, డ్రైవర్లు, దారులు. ఒక్కోటి మూసినప్పుడల్లా మిగిలింది జరిగి చోటు నింపింది. చివరిది మూశాక తెర ఖాళీగా నల్లగా ఉండిపోయింది. మాది అలాంటిదే, బొమ్మలూ గుర్తులూ ఏమీ ఉండవు. ఆ ట్యాంకరు మొదట పోయిందా లేదా చూడు అని చెప్పి, తువ్వాలు తీసుకొని, గోడ పట్టుకొని మెట్లు దిగాడు. నేను వెంట దిగాను. అన్న అంగడి ముందు ఆటో పిలిచాడు. ఆయన మళ్ళీ ఆ గదికి రాలేదు.

వదిన ఆయన్ని అనంతపురం తీసుకెళ్ళింది. ఎడమకన్ను అప్పటికే పోయింది, ముందే వచ్చి ఉంటే కుడికన్ను నిలిచేదేమో, ఇప్పుడు చెప్పలేం అన్నాడట డాక్టరు. ఇప్పుడు ఆ కంట్లో వెలుతురు వరకు తెలుస్తుంది. అన్న పల్లెలో వేపచెట్టు కింద మంచం మీద కూర్చుంటాడు. నేను వెళ్తే వానల గురించి మాట్లాడతాడు, ఫాంటుల ఊసెత్తడు. సైజు మార్పులు నమోదైన ఆ ఫైలు అలాగే ఉంది. ఆయన భాగాన్ని నేను తీసేయలేదు. తీసేయాల్సిన పని కూడా ఏమీ లేదు, ఎవరికీ అడ్డం రాదు.

ప్రమాణం చేశాను కాబట్టి ఇప్పుడు ఒప్పుకోవాలి. కరిగిన అక్షరాలూ, దండం పెట్టిన ఎలుకా అబద్ధాలని మీరే కనిపెట్టి ఉంటారు, వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. నీకెప్పుడు తెలిసె అని ఆయన అడిగిన దగ్గర్నుంచి నా వీపు చరిచేదాకా ఉన్నదంతా. అడగడం నిజం. దానికి నేను చెప్పిన జవాబు వేరు.

"ఈ పొద్దే అన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "సరే. అందాంక బాగానే నడిపినా" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. దాంతోనే మెట్లు దిగాడు.

పెళ్ళికార్డు సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన ఆ రోజు సున్నాకు ముక్కుపుడక చూసినట్టు ఎందుకు కల్పించానంటే, ఆయన ఆ రోజు చూసి ఉంటే, తర్వాత నెలకు నేను మెట్ల మీద నిలబడి వదినకు చెప్పింది అంత పెద్ద అబద్ధం కాకుండా పోతుంది. రాస్తున్నప్పుడు కాసేపు నేను కూడా నమ్మాను.

ఆయనకు దీన్ని ఎవరైనా చదివి వినిపించాలనుకుంటే, పైన పెట్టిన పేరునూ, మొదట్లోని కళ్ళ మాటనూ వదిలేసి, సున్నాల గురించి మేం పోట్లాడుకున్న దాకా చదివి ఆపేయండి.